ఎర్సీలియా కుళాయి

ఎక్కడో పడి, మోకాలు చీరుకుపోయి, నా కూతురు నన్ను కాకుండా ఇంకొకరిని పిలుస్తూ ఏడుస్తుందేమోనని నా భయం. భయాలు నాకు కొత్త కాదు. పాప మెట్ల మీద జారుతుందని, ద్రాక్షపండు గొంతుకి అడ్డం పడుతుందని, పాత గోడల చెమ్మకి దగ్గు పట్టుకుంటుందని రోజూ భయపడతాను. కానీ వాటికి లెక్కలుంటాయి. మెట్లు డెబ్బై ఒకటి; ఒక్కొక్కటి మధ్యలో సెంటీమీటరున్నర అరిగింది. ద్రాక్షపండుని నిలువుగా నాలుగు ముక్కలు కోయాలి. గదిలో చెమ్మ అరవై శాతం దాటకూడదు. ఈ భయానికి మాత్రం కొలత లేదు. ఒక పేరూ, ఒక చిరునామా ఉన్నాయంతే: ఎర్సీలియా ఫంబ్రీని, రెండో అంతస్తు.

మేముండేది ఇటలీలో, లుక్కా ఊళ్ళో, కోటగోడ లోపల, నాలుగో అంతస్తులో. మా ఆయన దారియోది ఇక్కడికి దగ్గర పల్లెటూరు. కాగితం మిల్లులో షిఫ్టు పని. నాది పీసా. రెండు ఊళ్ళకీ మధ్య ఇరవై కిలోమీటర్ల దూరం, తొమ్మిది వందల ఏళ్ళ తగువు. "గుమ్మంలో పీసావాడికన్నా ఇంట్లో పీనుగు మేలు" అని లుక్కావాళ్ళ సామెత. "దేవుడు నీ కోరిక తీర్చుగాక" అని మేం జవాబు చెబుతాం. మేం కాపురానికొచ్చిన రోజు సామాను మోస్తుంటే ఎర్సీలియా తలుపు సగం తీసి, నా యాస విని, పలకరింపుగా ఆ సామెతే అంది. నేను జవాబు చెప్పాను. ఆవిడ తలుపు పూర్తిగా తీసింది.

"నోరుంది, ఫరవాలేదు. ఆ పెట్టె కింద పెట్టి లోపలికి రా, కాఫీ పెడతా."

ఆ రోజు నుంచి ఆవిడకి నేను పీసా పిల్లని. నా పేరు ఇలేనియా అని నాలుగేళ్ళలో ఆవిడ నోట నేను రెండుసార్లు విన్నాను.

ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. పుట్టింది మా వీధి చివర, రొట్టెల బట్టీ పై గదిలో. పెళ్ళయ్యాక ఎనిమిది నెలలు మాత్రం గోడ బయట కొత్తగా కట్టిన ఇళ్ళలో కాపురం పెట్టింది. స్నానాల గదిలో తెల్ల పలకలు, వేడినీళ్ళు, బాల్కనీ. "అన్నీ ఉన్నాయి, పోట్లాడ్డానికి ఒక్క మనిషి లేడు" అని మొగుణ్ణి లాక్కుని వెనక్కి వచ్చేసింది. అప్పట్నుంచీ ఈ రెండో అంతస్తే. మొగుడు ఎలీజియో సైకిళ్ళు బాగుచేసేవాడు, పోయి పదిహేనేళ్ళయింది. కొడుకు మొరేనో గోడ బయట, బండి మీద పావుగంట దూరంలో ఉంటాడు. లిఫ్టు ఉంది, తోట ఉంది, వచ్చెయ్యమ్మా అని ప్రతి ఆదివారం అడుగుతాడు. ప్రతి ఆదివారం ఆవిడ, "ఈ వారం కుదరదు నాయనా" అంటుంది.

ఇరవయ్యో ఏట చుట్టల ఫ్యాక్టరీలో చేరి ముప్ఫై మూడేళ్ళు చుట్టలు చుట్టింది. ఫ్యాక్టరీ అప్పుడు ఊరి నడిబొడ్డునే ఉండేది. తడి ఆకుని పలక మీద పరిచి, ఈనె తీసి, లోపల పొగాకు సర్ది, అంచుకి బంక రాసి, అరచేత్తో ఒకే ఒక్క దొర్లింపు. ఇప్పటికీ బల్ల ముందు కూర్చుంటే ఆ చేతులు ఊరికే ఉండవు. కాగితపు రుమాలో, బస్సు టికెట్టో, ఏది దొరికితే అది చుట్టేస్తాయి: రెండు కొసలూ సన్నం, మధ్యలో లావు.

నిజం చెప్పాలంటే ఆవిడ మీద నా కుళ్ళు పాప వల్ల మొదలవలేదు. అంతకుముందే మొదలైంది. ఒకసారి ఇద్దరం కలిసి కూరలకి వెళ్ళాం. ఇంటి నుంచి కూరల కొట్టు దాకా మూడువందల పది అడుగులు. ఆ మూడువందల పది అడుగుల్లో ఆవిణ్ణి పేరు పెట్టి పలకరించినవాళ్ళు పద్నాలుగు మంది. ఒకాయన సైకిలు ఆపకుండా, "ఎర్సీలియా, నిన్న ఆ ముక్క ఎందుకు వేశావే, ఆట పాడు చేశావ్" అని అరిచి వెళ్ళిపోయాడు. నన్ను పలకరించింది బట్టీవాళ్ళ కుక్క ఒక్కటే.

ఇంకో సంగతి. పొద్దున్న ఎనిమిదింటికి ఆవిడ కిటికీ రెక్కలు తెరుచుకోకపోతే ఎనిమిదీ పదికల్లా ముగ్గురు గంట కొడతారు: కాఫీ కొట్టు ఫోస్కో, మొదటి అంతస్తులో ఉండే తొంభయ్యేళ్ళ సంగీతం మేష్టారు, ఎదురింటావిడ. నేను ఒకసారి మూడు రోజులు జ్వరంతో మంచం దిగలేదు. ఆ సంగతి మా ఆయనకీ, మా ల్యాబుకీ తప్ప ఎవరికీ తెలియదు. ఇద్దరం ఒకే మెట్లు ఎక్కుతాం, ఒకే చర్చి గంటల మోత వింటాం. ఊరు మాత్రం ఆవిడది, నాది కాదు. నేను రోజూ కారులో ఇరవై ఆరు నిమిషాలు వెళ్ళి ఊళ్ళవాళ్ళు తాగే నీళ్ళని పరీక్ష చేసి వస్తాను. నా పని అది. నీళ్ళు పంపిన ఊళ్ళ పేర్లన్నీ నాకు తెలుసు, మా వీధిలో మనుషుల పేర్లు తెలియవు.

లీవియాకి ఏడాదిన్నర వచ్చింది. క్రెష్‌లో చోటుకోసం రాసుకున్న జాబితాలో మా పేరు నలభై మూడోది. దారియో షిఫ్టులు, నా ఉద్యోగం, పీసాలో మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఎర్సీలియా తలుపు తీసింది.

"పిల్లని నా దగ్గర వదిలెయ్. తినెయ్యనులే."

"మీకు శ్రమ కదండీ."

"శ్రమ నాకైతే ఏడుపు నీకెందుకు?"

మర్నాడు పాపతోపాటు రెండు పేజీల కాగితం ఇచ్చాను. ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఎంత వేడిలో, ఎన్ని గంటలకి: పంతొమ్మిది అంశాలు. ఆవిడ దాన్ని చదవకుండానే చుట్ట చుట్టి సొరుగులో పడేసింది.

ఏడాది తిరిగేసరికి పాపకి బుగ్గలొచ్చాయి. అది నాకు నచ్చవలసిన సంగతే. ఫోస్కో కొట్టులోకి దూరి బిస్కెట్టు అడిగి తెచ్చుకునేది. సంగీతం మేష్టారికి ముద్దు పెట్టేది. వీధిలో నడుస్తుంటే "లీవియా, లీవియా" అని అటూ ఇటూ పిలుపులు. రెండున్నరేళ్ళ నా కూతురికి అప్పుడే ఊరుంది. లుక్కా యాసలో మాట్లాడుతోంది కూడా. ఫోన్లో అది విని పీసాలో మా అమ్మ గొంతు తగ్గించింది. "మీ నాన్నకి చెప్పకు" అంది.

ఏప్రిల్లో ఒక బుధవారం ల్యాబులో కరెంటు పోయి మమ్మల్ని ముందే వదిలేశారు. మూడున్నరకి ఇంటికొచ్చి, వీళ్ళు కోటగోడ మీద చెట్ల కింద ఉంటారని తెలిసి అక్కడికి వెళ్ళాను. గోడ పైన బండ్లు వెళ్ళేంత వెడల్పు దారి. సాయంత్రాలు ఊరంతా అక్కడే నడుస్తుంది. దూరంగా లీవియా పరుగెడుతోంది. నన్నింకా చూడలేదు. చేతులు చాపి పిలిచాను. చూసింది, నవ్వింది, నా వైపు పరుగెత్తింది, చెట్టువేరు తగిలి బోర్లా పడింది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఎర్సీలియా బెంచీ మీద, పదిహేను అడుగుల దూరంలో. పాప లేచి, మోకాలి రక్తం చూసుకుని, నా చేతుల పక్కనుంచి దూసుకుపోయి, "సీలియా, సీలియా" అంటూ ఆవిడ ఒళ్ళో తల పెట్టింది.

నా చేతులు అలాగే చాపి ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియలేదు.

"ఏం కాలేదు తల్లీ, మోకాలు నవ్వుతోందంతే" అని ఆవిడ పాపని ఎత్తుకుని గోడ దిగి, మా కూడలిలో కుళాయి దగ్గరికి తీసుకొచ్చింది. రాతి తొట్టె మీద ఇత్తడి కుళాయి, కొండ ఊటనీళ్ళు. గోడ బయట నుంచి కూడా పెట్టెల్లో సీసాలు వేసుకొచ్చి పట్టుకుపోతుంటారు. ఎర్సీలియా రోజూ పొద్దున్నే రెండు గాజు సీసాలు నింపుతుంది, ఒకటి తనకి, ఒకటి మేష్టారికి. అక్కడ నిలబడే ఊరి కబుర్లన్నీ వింటుంది. తన చేతిరుమాలు తడిపి పాప మోకాలు తుడిచి, దోసిట్లో నీళ్ళు పట్టి తాగించింది.

"ఆ నీళ్ళు ఎవరైనా పరీక్ష చేశారా?" అన్నాను.

"డెబ్బై ఎనిమిదేళ్ళుగా నేను చేస్తున్నాను. ఇంకా ఫలితం రాలేదు" అంది ఎర్సీలియా. ఫోస్కో కొట్టు గుమ్మంలోంచి నవ్వాడు. పాప కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి, కారు దగ్గరికి వెళ్తూ, కుళాయి దగ్గర ఆగాను. సంచిలో లీవియా పాలసీసా ఉంది. రాత్రి కడిగిందే. దాన్ని కుళాయికి ఆనించి నింపి, మూత పెట్టాను. తెలుసుకుందామనే కదా, అని నాకు నేను చెప్పుకున్నాను. సీసా మధ్యాహ్నం దాకా కారులో ఉండిపోయింది. భోజనాల వేళకి మిగతా నమూనాల మధ్య దాన్ని కూడా పెట్టాను, పేరు రాయకుండా.

నేను పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి నీళ్ళు ఎలా పట్టాలో చెప్పేది నేనే.

శుక్రవారం మధ్యాహ్నం, ఆ నీళ్ళు పోసి ఒకరోజు వెచ్చగా ఉంచిన గళ్ళపలక తీసి చూశాను. యాభై ఒక్క గళ్ళలో పదకొండు పసుపు రంగుకి తిరిగాయి. అంటే నీళ్ళలో సూక్ష్మజీవులున్నాయని. భయంకరమైన రకం కాదు గానీ, అసలు ఉండకూడనివి. ఆ పసుపు చూసినప్పుడు నాకు కలిగింది భయం కాదు. సంతోషం. ఫోన్లో ఫొటో తీసుకున్నాను.

సాయంత్రం రెండో అంతస్తులో బల్ల మీద ఫోన్ పెట్టాను. ఎర్సీలియా కళ్ళజోడు వెతుక్కుని చూసింది.

"ఇదేంటి, తేనెపట్టా?"

"మీ కుళాయి నీళ్ళు. ఆ పసుపు గళ్ళన్నీ సూక్ష్మజీవులు. లీవియా ఏడాదిగా ఇవే తాగుతోంది."

ఆవిడ ఫోన్ చూసింది, పాపని చూసింది, మళ్ళీ ఫోన్ చూసింది.

"సోమవారం నుంచి నేను సెలవు పెడతాను. పాప కొన్నాళ్ళు నా దగ్గరే ఉంటుంది" అన్నాను.

"సరేనమ్మా" అంది. పీసా పిల్లా అనలేదు.

నేను అనుకున్నది అంతవరకే. కానీ ఎర్సీలియా మేష్టారి సంగతి ఆలోచించింది. తొంభయ్యేళ్ళ మనిషి ఆ నీళ్ళు తాగకూడదని ఫోస్కోకి చెప్పింది. ఫోస్కోకి చెబితే మైకులో చెప్పినట్టే. శనివారం పదింటికల్లా ఎవరో మున్సిపాలిటీకి ఫోన్ చేశారు. పన్నెండింటికి ఒకతను వచ్చి కుళాయి చుట్టూ ఎరుపూ తెలుపూ రిబ్బను కట్టి, పరీక్ష అయ్యేదాకా వాడవద్దని కాగితం అతికించి వెళ్ళాడు.

సోమవారం నుంచి లీవియా నాతోనే ఉంది. నాకు కావలసిందే. రంగు పెన్సిళ్ళు తెచ్చాను, బొమ్మల పుస్తకాలు తెచ్చాను. అది కిటికీ దగ్గర కుర్చీ ఎక్కి కింద చూస్తూ, "సీలియా ఏదీ?" అనేది. "రేపు" అనేదాన్ని. మధ్యాహ్నం అన్నం తినలేదు. పడుకోలేదు.

సాయంత్రం పని నుంచి వచ్చిన దారియో, "కోరుకున్నది దొరికిందిగా, మొహం అలా పెట్టావేం?" అన్నాడు.

"నేనేం కోరుకున్నాను?"

"నన్నడుగుతావేంటి? ల్యాబులో పరీక్ష చేయించుకో."

పాప పక్కన నిలబడి నేనూ కిందికి చూశాను. మూసేసిన కుళాయి చుట్టూ ఎప్పటికన్నా ఎక్కువ మంది ఉన్నారు. ఫోస్కో కుర్చీలు కూడా బయట వేశాడు. ఒకావిడ బక్కెట్టు పట్టుకుని ఊరికే నిలబడింది. మధ్యలో ఎర్సీలియా, వాళ్ళందరూ ఆవిణ్ణి ఓదార్చడానికే వచ్చినట్టు. నాలుగో అంతస్తు నుంచి కూడా ఆవిడ నవ్వు వినిపించింది. కుళాయి ఆగింది గానీ నా కుళ్ళు ఆగలేదు. మనుషులకి ఆవిడ దగ్గరికి రావడానికి నీళ్ళు కూడా అక్కర్లేదన్నమాట.

ఒక్కటి మాత్రం మారింది. మంగళవారం పొద్దున్న ఎర్సీలియా పెద్ద బజారు నుంచి ఆరు ప్లాస్టిక్ సీసాల కట్ట మోసుకొస్తూ మెట్ల మీద రెండుసార్లు ఆగింది. నేను పై నుంచి ఆ ఊపిరి విన్నాను. దిగి అందుకోవలసింది. దిగలేదు.

ఆ రోజే ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. నీళ్ళు పట్టి తెచ్చే మనిషికి ఒంట్లో బాగాలేదు.

"సెలవులో ఉన్నావని తెలుసు ఇలేనియా, కానీ మీ వీధిలో కుళాయేనట. సామాను పంపిస్తాను, అరగంట పని" అన్నారు మా పై అధికారి.

పదకొండింటికి పాపని దారియోకి అప్పజెప్పి, తెల్లకోటు వేసుకుని కుళాయి ముందు నిలబడ్డాను. నాలుగేళ్ళలో మొదటిసారి వీధి మొత్తం నన్నే చూసింది. ఫోస్కో, "ఇన్నాళ్ళకి పీసావాళ్ళు ఊళ్ళోకొచ్చారు, అదీ మనం పిలిస్తే" అన్నాడు. అందరూ నవ్వారు. ఎర్సీలియా నా మోచేతి పక్కనే నిలబడింది. ముప్ఫై మూడేళ్ళు చేతిపని మీద బతికిన మనిషి. చేతులు ఏం చేస్తున్నాయో తప్ప మొహాలు చూడదు.

చేతులకి తొడుగులు వేసుకున్నాను. కుళాయి మూతిని స్పిరిటుతో తుడిచాను. చిన్న గ్యాసు మంటతో ఆ ఇత్తడిని చుట్టూ కాల్చాను, చుయ్యిమనేదాకా. తర్వాత కుళాయి తిప్పి అయిదు నిమిషాలు నీళ్ళు వదిలేశాను. శుద్ధి చేసిన సీసా మూత తీసి, లోపలివైపు వేలు తగలకుండా పట్టుకుని, కుళాయికి ఆనకుండా నింపి, మూత బిగించి, ఐసుపెట్టెలో పెట్టాను.

"ఇదంతా ఎందుకు?" అంది ఎర్సీలియా.

"మూతి మీద ఉండేవి, చేతి మీద ఉండేవి నీళ్ళలోకి రాకూడదు కదా. లేకపోతే నీళ్ళవో, మనవో తెలీదు."

"ఐసు?"

"వేడికి పెరుగుతాయి."

ఆవిడ తలూపింది. నాకు మాత్రమే వినిపించేటట్టు అడిగింది.

"ఆ రోజు కూడా ఇట్లాగే నిప్పు పెట్టావా?"

నేను ఐసుపెట్టె తాళం సర్దుతున్నట్టు నటించాను.

బుధవారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది. సున్నా. ల్యాబువాళ్ళు పంపిన ఫొటోలో యాభై ఒక్క గళ్ళూ అద్దంలా ఉన్నాయి. నేను పట్టిన మొదటి సీసాలో పెరిగినవి కుళాయివి కావు. పాలసీసావో, నా వేళ్ళవో. ఆ సంగతి సీసా నింపుతున్నప్పుడే నాలో ఎక్కడో తెలుసు. పై అధికారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. పేరు రాయకుండా నమూనా పెట్టినందుకు సంజాయిషీ రాసివ్వమన్నారు. తర్వాత పాపని దారియో దగ్గర వదిలి రెండో అంతస్తు గంట కొట్టాను.

"సున్నా వచ్చింది" అన్నాను.

"నాకు తెలిసిందేగా."

"మొదటిది లీవియా పాలసీసాలో పట్టాను. కారులో ఉంచాను."

"నాకు చెప్తావేం? కింద ఉన్నారు, వాళ్ళకి చెప్పు. చెప్పి, పిల్లని తీసుకుని రా. అన్నం పెడతా."

ఫోస్కో కొట్టులో ఏడుగురున్నారు. కాఫీ అడిగి, తాగకుండా, చెప్పాను. తప్పు నాదని, నీళ్ళు మంచివేనని. పాలసీసా అనగానే ఒకాయన కప్పు కింద పెట్టేశాడు.

"పాలసీసాలోనా?" అన్నాడు ఫోస్కో.

"పాలసీసాలోనే."

"పెద్ద చదువులు చదివి?"

"చదివే."

"పీసాలో చదివావు కదా, పోనీలే" అన్నాడు సంగీతం మేష్టారు మూలనుంచి. కొట్టు కదిలిపోయేటట్టు నవ్వారు. ఒక్కావిడ మాత్రం నవ్వలేదు. నాలుగు రోజులు నీళ్ళు మోసిన నడుం ఆవిడది. ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు. ఆ రోజు నుంచి ఆ వీధిలో నా పేరు పాలసీసా. మూడువందల పది అడుగుల్లో ఇప్పుడు నలుగురైదుగురు ఆ పేరుతో పిలుస్తారు.

లీవియాని తీసుకుని వెళ్ళేసరికి ఎర్సీలియా చిక్కుళ్ళూ గోధుమలూ వేసి ఉడికించిన చారు మూడు గిన్నెల్లో పోసి పెట్టింది. పాప ఆవిడ కాళ్ళకి చుట్టుకుంది. ఆవిడ వంగి ముద్దుపెట్టి, బొత్తాల డబ్బా తీసి చేతికిచ్చి, బల్ల కిందకి పంపేసింది. నాకు మళ్ళీ అదే కుళ్ళు. అప్పుడు కూడా.

"తిను. చల్లారిపోతుంది" అంది. తర్వాత తినకుండా, కాగితపు రుమాలు తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది.

"మొరేనో పుట్టినప్పుడు ఫ్యాక్టరీలో పసిపిల్లల గది ఉండేది. మూడు గంటలకోసారి గంట కొట్టేవాళ్ళు. తల్లులం చేతులు కడుక్కుని పరుగెత్తేవాళ్ళం, పాలివ్వడానికి. ఎంత కడిగినా పొగాకు వాసన పోతుందా? వాడు నా దగ్గరికి వచ్చి మొహం తిప్పేసుకునేవాడు. పిల్లల్ని చూసే మనిషి జెలిందా అని ఉండేది. సబ్బు వాసన వేసేది. దాని భుజం మీద తల పెడితే గమ్మున పడుకునేవాడు."

"మీకు కోపం రాలేదా?"

"కోపమా? దాన్ని చూస్తే కళ్ళల్లో కారం కొట్టినట్టుండేది. ఒకరోజు పై అధికారుల దగ్గరికి వెళ్ళి, జెలిందా తాగి నిద్రపోతోందని చెప్పాను. అది చుక్క ముట్టేది కాదు. దాన్ని ఆకులు ఒలిచే గదికి మార్చారు. నేను గెలిచాను."

బల్ల కింద బొత్తాలు గలగలమన్నాయి.

"వాడు మూడు వారాలు దానికోసం ఏడ్చాడు. నా పాలూ తాగలేదు. నేను గెలిచాను, వాడు చిక్కిపోయాడు. మళ్ళీ వెళ్ళి అబద్ధం చెప్పానని చెప్పుకున్నాను. పది రోజులు పని లేకుండా ఇంట్లో కూర్చోబెట్టారు. నీకేం, నవ్వులతో పోయింది."

"జెలిందా మిమ్మల్ని ఏమీ అనలేదా?"

"రెండేళ్ళు మాట్లాడలేదు. వాణ్ణి మాత్రం ఎత్తుకునేది."

చుట్ట పూర్తయింది. రెండు కొసలూ నొక్కి గిన్నె పక్కన పెట్టింది.

"సోమవారం నుంచి పాపని తీసుకురానా?" అన్నాను.

"తీసుకురాకపోతే నేనే నాలుగో అంతస్తుకి రావాలి. నా మోకాళ్ళు చూశావా?" అంది. తర్వాత నా చేతి మీద తన చెయ్యి వేసింది. వేళ్ళ చివర్లు ఇంకా గట్టిగా, నున్నగా ఉన్నాయి.

నా అసూయ పోలేదు. పోతుందని కూడా అనుకోను. ఇప్పటికీ కూడలిలో ఆవిడ చుట్టూ జనం మూగినప్పుడు, పాప ఆవిడ చీట్లపేక పట్టుకుని చెట్ల కింద కూర్చున్నప్పుడు, గుండెలో ఏదో గుచ్చుకుంటుంది. కానీ ఇప్పుడు నేను అయిదింటికి కాక నాలుగున్నరకే వస్తాను. పాపని పిలవను. ఫోస్కో కొట్టు ముందు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతాను. ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి ఇరవై. ఆకో, రాయో, బొత్తామో ఏదో ఒకటి పట్టుకుని అది వస్తుంది. ఆ రోజు చారు గిన్నె ముందు ఎర్సీలియా చెప్పింది అదే.

"ఇదిగో ఇలేనియా, రాగానే చేతులు చాపకు. ఆట మధ్యలో పిలిస్తే ఏ పిల్లైనా ఆటనే ఎంచుకుంటుంది. వచ్చి కూర్చో. నీ కాఫీ నువ్వు తాగు. దానికి దొరికిందేదో చూపించడానికి ఎవరి దగ్గరికి వస్తుందో అప్పుడు చూడు."